గర్భధారణ, హెచ్.ఐ.వి., తల్లి రోగనిరోధకత: పరిశోధనల పరిణామం

పిండానికి జన్యువుల్లో సగం తండ్రివే అయినా, తల్లి శరీరం దానిని పరాయి కణజాలంగా ఎంచి ఎందుకు తిరస్కరించదన్న ప్రశ్నను 1953లో బ్రిటిష్ శాస్త్రవేత్త పీటర్ మెదావర్ లేవనెత్తారు. గర్భకాలంలో తల్లి రోగనిరోధకశక్తి మందగిస్తుందనేది ఆయన సూచించిన సమాధానాల్లో ఒకటి. మూడు దశాబ్దాల తరువాత ఎయిడ్స్ బయటపడినప్పుడు ఈ ఊహే భయంగా మారింది. రక్షణవ్యవస్థకు సారథ్యం వహించే సీడీ4 తెల్లరక్తకణాలను ఎయిడ్స్‌కు కారణమైన హెచ్.ఐ.వి. వైరస్ నాశనం చేస్తుండగా గర్భం కూడా తోడైతే వ్యాధి త్వరగా ముదురుతుందని వైద్యులు అనుమానించారు. ప్రధానంగా శిశువుకు వైరస్ సోకుతుందన్న ఆందోళనతో, సోకిన స్త్రీలు గర్భధారణను వాయిదా వేసుకోవడం గురించి ఆలోచించాలని 1985లో అమెరికా వ్యాధి నియంత్రణ కేంద్రం సూచించింది.

అయితే గర్భిణిలో రక్తంలోని ద్రవభాగం పెరగడం వల్ల హెచ్.ఐ.వి. లేని స్త్రీలలో సైతం సీడీ4 లెక్క తగ్గినట్లు కనిపిస్తుందనీ, లింఫోసైట్లలో వాటి శాతం అంతగా మారదనీ క్రమంగా తేలింది. 1998 నాటి ఒక సమీక్ష గర్భానికీ వ్యాధి ముదరడానికీ మధ్య బలహీనమైన సంబంధాన్నే చూపింది. ఈలోగా, గర్భంలో రక్షణశక్తి అణగిపోదనీ, కణాల లోపల దాగే క్రిములతో పోరాడే స్పందన తగ్గి ప్రతిరక్షకాలను తయారుచేసే స్పందన వైపు మొగ్గుతుందనీ 1993లో థామస్ వెగ్‌మన్ బృందం ప్రతిపాదించింది. ఈ చిత్రం మరీ సరళమని తరువాత తేలినా, ప్రశ్న అడిగే తీరును అది మార్చింది.

చికిత్సాచరిత్రలో మాత్రం తల్లి చాలాకాలం వెనుకబడింది. జిడోవుడిన్ అనే మందు శిశువుకు వైరస్ సోకే రేటును 25.5 శాతం నుంచి 8.3 శాతానికి తగ్గించిందని 1994లో వెల్లడైంది; 1999లో ఉగాండా పరిశోధన ఒక్క మోతాదు నెవిరపిన్‌తోనూ మేలుందని చూపింది. అది చౌకే, కాని తల్లి వ్యాధికి చికిత్స కాలేదు సరికదా, అనేకమందిలో వైరస్ ఆ మందుకు లొంగని స్థితి ఏర్పడింది. 2011లో మలావీ సీడీ4 లెక్కతో నిమిత్తం లేకుండా హెచ్.ఐ.వి. ఉన్న ప్రతి గర్భిణికీ జీవితకాల చికిత్స ప్రారంభించడం ఈ అన్యాయాన్ని సరిదిద్దిన నిర్ణయం.

ఆఫ్రికాలోని మలేరియా ప్రాంతాల పరిశోధనలు మరో కోణాన్ని చూపాయి. మావిలో తిష్ఠవేసే మలేరియా క్రిమిపై స్త్రీలకు మొదటి కాన్పుల్లో ఏర్పడే రక్షణ తరువాతి కాన్పుల్లో ఆదుకోవాలి; కాని హెచ్.ఐ.వి. ఉన్నవారిలో అది సరిగా నిలబడదు.

క్షయ విషయంలో ప్రమాదకాలం ప్రసవానంతరం దాకా విస్తరిస్తుంది. కణాల లోపల దాగే క్రిములపై గర్భంలో తగ్గిన స్పందన కాన్పు తరువాత తిరిగి పుంజుకోవడంతో అంతవరకూ దాగిన వ్యాధి బయటపడవచ్చు. క్షయ క్రిమికి స్పందనగా కణాలు విడుదల చేసే గామా ఇంటర్‌ఫెరాన్‌ను కొలిచే రక్తపరీక్ష, గర్భకాలంలో ఆ స్పందన బలహీనపడినందున, కొందరిలో సంక్రమణను పట్టుకోలేకపోవచ్చు. అందుకే నివారణ మందు ఎప్పుడు మొదలుపెట్టాలన్నది కీలకమైంది. భారత్ సహా 8 దేశాల్లో 956 మంది హెచ్.ఐ.వి. ఉన్న గర్భిణులతో సాగి 2019లో వెలువడిన పరిశోధనలో, ఐసోనియాజిడ్ అనే నివారణ మందును గర్భంలోనే ఆరంభించినవారిలో, ప్రసవమైన 12 వారాలకు ఆరంభించినవారితో పోలిస్తే, గర్భస్రావం, శిశువు తక్కువ బరువుతో పుట్టడం వంటి ప్రతికూల ఫలితాలు ఎక్కువగా కనిపించాయి. క్షయ రెండు వర్గాల్లోనూ అరుదే. అయినా 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, గర్భవతులన్న కారణంతో హెచ్.ఐ.వి. ఉన్న స్త్రీలకు ఈ రక్షణను నిరాకరించకూడదనే వైఖరినే నిలుపుకుంది.