తాళం పగలలేదు, నౌకరే చాబీ తెచ్చిచ్చాడు



పాత జమానాలో హవేలీని దోచాలంటే గోడ దూకాలి, లేదా దర్బాన్‌ను కొట్టాలి. మూడో దారి ఇంకా తేలిక. లోపల తిరిగే నౌకరుకు చిట్టీ అందిస్తే చాలు: ‘ఫలానా గదిలో పెట్టె పట్టుకురా’. రాసిందెవరని నౌకరు అడగడు. మన మనిషే కదా అని లోపల అతన్ని ఎవరూ ఆపరు.

కంప్యూటర్లలో ఈ మోసానికి పేరు సర్వర్ సైడ్ రిక్వెస్ట్ ఫోర్జరీ. ‘ఫోటో లింకు ఇవ్వండి, మేం తెచ్చుకుంటాం’ అని వెబ్‌సైట్ అడుగుతుంది. దొంగ ఫోటో లింకుకు బదులు కంపెనీ లోపలి చిరునామా ఇస్తాడు. సర్వర్ సలాం కొట్టి వెళ్లి తెచ్చేస్తుంది.

దీని తారీఖ్ పాతదే. హోదా ఉన్న ప్రోగ్రామ్‌ను మామూలు మనిషి తన పనికి ఎలా వాడుకోగలడో నార్మ్ హార్డీ అనే అమెరికన్ 1988లోనే రాశాడు. ఫలితం పెట్టే ఫైలు పేరు అడిగితే, వాడేవాడు బిల్లుల ఖాతా ఫైలు పేరు ఇచ్చాడు. అందులో రాసే ఇజాజత్ ప్రోగ్రామ్‌కు ఉంది. ఖాతా చెడిపోయింది.

దుకాణాలు, బ్యాంకులు క్లౌడ్‌లోకి చేరాక ప్రమాదం పెరిగింది. అమెజాన్ క్లౌడ్‌లో 169.254.169.254 అని ఒక చిరునామా ఉంది. మెషీన్ లోపలి నుంచి అడిగితేనే పలుకుతుంది, తాత్కాలిక చాబీలు ఇస్తుంది. 2019 మార్చిలో అమెరికాలోని క్యాపిటల్ వన్ బ్యాంకు ఫైర్‌వాల్ సెట్టింగులో ఉన్న లోపంతో పెయిజ్ థాంప్సన్ ఆ చాబీలు రప్పించుకుంది. అమెరికాలో సుమారు 10 కోట్ల మంది, కెనడాలో 60 లక్షల మంది వివరాలు పోయాయి. 2020లో బ్యాంకుకు 8 కోట్ల డాలర్ల జుర్మానా పడింది. 2022 జూన్‌లో సియాటిల్ జ్యూరీ ఆమెను ముజ్రిమ్‌గా తేల్చింది.

ఇది దూరదేశం కిస్సా కాదు. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లోనే క్లౌడ్ కేంద్రం తెరిచింది. మన ఆధార్ కాపీలు, బ్యాంకు కాగితాలు ఎవరెవరి సర్వర్లలోనో అమానత్‌గా ఉన్నాయి. ఆ సర్వర్లకు కోడ్ రాసేది రేపు అంగళ్లు మిట్స్ కాలేజీలో చదివే మన బచ్చేలే.

వాళ్లకు ఈ సబక్ చెప్పండి. సర్వర్ ఏ చిరునామాలకు వెళ్లవచ్చో ముందే ఫెహ్రిస్త్ రాయాలి, మిగతావన్నీ మనా. పేరు చూసి నమ్మకుండా, అది చివరికి ఏ ఐపీకి చేరుతుందో చూడాలి. 127, 10, 192.168, 169.254తో మొదలయ్యే లోపలి చిరునామాలను ఆపాలి. ‘ఇక్కడ కాదు, అక్కడికి వెళ్లు’ అనే దారి మళ్లింపుల వెంట పోనివ్వకూడదు. అమెజాన్ 2019 నవంబరులో తెచ్చిన కొత్త పద్ధతిలో చాబీకి ముందు వేరే టోకెన్ అడగాలి, ఉత్త లింకుతో వెళ్లిన నౌకరు ఖాళీ చేతులతో తిరిగొస్తాడు. దాన్ని తప్పనిసరి చేయాలి.

అన్నిటికంటే ముఖ్యం, నౌకరు చేతిలో మొత్తం ఖజానా చాబీలు పెట్టకూడదు. వాడి పనికి ఎంత కావాలో అంతే. అప్పుడు వాడు మోసపోయినా ఒక గదే పోతుంది, హవేలీ మిగులుతుంది.