శంషాబాద్ చుట్టూ గీసిన గీత

శంషాబాద్ విమానాశ్రయం ఘనత ఎవరిది? చంద్రబాబు ముందుచూపు అని ఒక పార్టీ, రాజశేఖరరెడ్డి చలవ అని ఇంకో పార్టీ. వ్యాపార వర్గాలైతే ప్రైవేటు సమర్థత అంటాయి. అసలు కథ, దాన్ని కట్టిన జీఎంఆర్ గ్రూపు కంపెనీతో కేంద్రం చేసుకున్న 2004 డిసెంబరునాటి ఒప్పందంలో ఉంది. దాని జోలికి మాత్రం ఎవరూ వెళ్లరు.

హైదరాబాద్ పాత విమానాశ్రయం బేగంపేట ముచ్చట తెలిసిందే. నిజాం కాలంలో పుట్టింది, 1945లో దక్కన్ ఎయిర్‌వేస్‌ను చూసింది, 1953 జాతీయీకరణతో ఆ సంస్థ ఇండియన్ ఎయిర్‌లైన్స్‌లో కలిసిపోయింది. గల్ఫ్ వలసలు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు పెరిగేసరికి రన్‌వే ఇళ్ల మధ్య ఇరుక్కుపోయింది.

కొత్త విమానాశ్రయం అవసరమే. అయితే ఒప్పందం ప్రకారం అది తెరిచిన నాటి నుంచి 25 ఏళ్లపాటు, గగనమార్గాన 150 కిలోమీటర్ల లోపు పాతదైనా కొత్తదైనా మరో పౌర విమానాశ్రయం నడవకూడదు. పోటీ లేకుండా చేసిన ఈ షరతే శంషాబాద్‌కు అసలు పునాది. ఇలాంటి హామీ లేనిదే బ్యాంకులు అప్పివ్వవన్న వాదనను కొట్టిపారేయలేం. కానీ రూ.2,478 కోట్ల ఖర్చులో రూ.315 కోట్లు ప్రభుత్వం ఇచ్చిన వడ్డీలేని రుణం, రూ.107 కోట్లు గ్రాంటు. సుమారు 5,500 ఎకరాలూ సర్కారు లీజుకిచ్చినవే. అప్పట్లో జీఎంఆర్ వాటా 63 శాతం. కేంద్ర సంస్థ ఎయిర్‌పోర్ట్స్ అథారిటీకి, రాష్ట్రానికి చెరి 13. దీన్ని ప్రైవేటు విజయమనడం సగం నిజమే.

2008 మార్చిలో ఎయిర్‌పోర్ట్స్ అథారిటీ ఉద్యోగులు సమ్మెకు దిగినా బేగంపేట మూత ఆగలేదు. అదే నెల 23 నుంచి విమానాలన్నీ శంషాబాద్‌కు మళ్లాయి. చిన్న దూరాల సర్వీసులనైనా పాత చోటే ఉంచాల్సిందన్న వాదనకు ఇప్పటికీ సరైన జవాబు లేదు. ప్రయాణికుల సర్వీసులు ఆగిపోయిన ఆ ఆవరణలో ఇప్పుడు రెండేళ్లకోసారి విమానాల ప్రదర్శన జరుగుతోంది!

ఎదుగుదల మాత్రం నిజమైనదే. ఏడాదికి 1.2 కోట్ల మంది కోసం కట్టిన టెర్మినల్‌ను 3.4 కోట్లకు సరిపోయేలా విస్తరించారు. అయినా టెర్మినల్ దాకా రైలు లేదు. సూట్‌కేసుతో బయటికొచ్చినవాడికి పుష్పక్ బస్సో, క్యాబో గతి. 2022 డిసెంబరులో శంకుస్థాపన చేసిన రాయదుర్గం మెట్రో మార్గాన్ని ఏడాది తిరిగేసరికి కొత్త ప్రభుత్వం పక్కనపెట్టింది.

వరంగల్‌ది ఇంకో బాధ. నిజాం నాటి మామునూరు ఎయిర్‌స్ట్రిప్ ఆ 150 కిలోమీటర్ల గీత లోపల పడింది. 2025లో జీఎంఆర్ అభ్యంతరం లేదన్నాకే కేంద్రం అనుమతి ఇచ్చింది. రాష్ట్రంలోని ఒక ఊరికి విమానం రావాలంటే ఇంకో ఊరి విమానాశ్రయ యాజమాన్యం ఒప్పుకోవాలి. 2004లో సంతకాలు చేసినవారు వరంగల్ సంగతి అడిగారా?