నరసాపురంలో తెగిన కాపురాలు: పెద్దల తగవు నుంచి కౌన్సెలింగ్ దాకా

వశిష్ఠ గోదావరి ఒడ్డున ఉన్న నరసాపురం ప్రాంతంలో భార్యాభర్తలు విడిపోవడం చట్టాలకంటే పాత సంగతి. అగ్రకులాల్లో పెళ్లికి తెగతెంపులు ఉండేవి కావు. మిగిలిన చాలా కులాల్లో మాత్రం ఆచారం దారి చూపేది. తెలుగు కులాల్లో విడాకులు, మారుమనువు ఉన్నట్టు దక్షిణ భారత కులాలు, తెగలపై థర్‌స్టన్ రాసి 1909లో వెలువరించిన సంపుటాల్లో నమోదైంది.

తగవు కులపెద్దల ముందుకు వచ్చేది. ఇరువైపులవారూ చెప్పింది విని, సర్దుకుపొమ్మని నచ్చజెప్పేవారు. కుదరకపోతే లెక్క తేల్చేవారు. పుట్టింటివారు పెట్టిన బంగారం, ఇత్తడి సామాను ఎవరికి చెందాలో, దండుగ ఎవరు కట్టాలో నిర్ణయించేవారు. తీర్పు త్వరగానే వచ్చేది, ఖర్చు తక్కువ. కానీ మాట్లాడేది మగవాళ్లే. భార్య తరఫున తండ్రో, మేనమామో నోరు విప్పేవారు. ఆమె మనసులో ఏముందో, పిల్లలు ఎవరి దగ్గర ఉంటే బాగుంటారో అడిగే ఆనవాయితీ లేదు.

1836లో భారతదేశానికి వచ్చిన మిషనరీలు విలియం బౌడెన్, జార్జ్ బీర్ నరసాపురం ప్రాంతంలో గోదావరి డెల్టా మిషన్‌కు పునాది వేశారు. క్రైస్తవ కుటుంబాలు పెరిగాక వారికి 1869 నాటి విడాకుల చట్టం వర్తించింది. అందులో భర్తకు భార్య వ్యభిచారం ఒక్కటే చాలు. భార్య మాత్రం భర్త వ్యభిచారంతోపాటు క్రూరత్వం, రెండేళ్లు వదిలేయడం వంటి మరో నేరమూ రుజువు చేయాలి. ఈ తేడా 2001 సవరణదాకా చట్టంలో నిలిచే ఉంది.

హిందువులకు ఆచారానికి బయట విడాకుల హక్కు మద్రాసు రాష్ట్రం 1949లో చేసిన చట్టంతో వచ్చింది. నరసాపురం అప్పుడు ఆ రాష్ట్రంలోనిదే. తర్వాత 1955 హిందూ వివాహ చట్టం దేశంలో దాదాపు అంతటా హిందువులకు ఒకే పద్ధతి పెట్టింది. ఆచారం ప్రకారం జరిగే విడాకులను అది కాదనలేదు. 1976 సవరణతో పరస్పర అంగీకారం మీద విడిపోయే వీలు కలిగింది. ఏడాది విడిగా ఉన్నాక ఇద్దరూ కలిసి అర్జీ పెట్టుకోవాలి, ఆపై కనీసం ఆరు నెలలు ఆగాలి. 2017లో సుప్రీంకోర్టు తగిన కేసుల్లో ఈ ఆరు నెలల గడువును మాఫీ చేయవచ్చని చెప్పింది.

హక్కు కాగితం మీదికి వచ్చినా బతుకుతెరువు ప్రశ్న అలాగే ఉండిపోయింది. దానికి నరసాపురం లేసు పరిశ్రమే సాక్ష్యం. 19వ శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఈ అల్లిక చుట్టుపక్కల పల్లెల్లో వేల ఇళ్లకు పాకింది. ఏజెంటు దారం ఇస్తాడు, ఆడవాళ్లు ఇంటిపని మధ్యలో అల్లి ఇస్తారు, కూలి ముక్కల లెక్కన వస్తుంది. జర్మన్ పరిశోధకురాలు మరియా మీస్ 1982లో ప్రచురించిన పుస్తకంలో ఈ శ్రమను ఖాళీ సమయపు పనిగా చూడటం వల్లే కూలి అంత తక్కువగా ఉందని చూపించారు. కాపురం తెగిన స్త్రీకి చేతిలో పని ఉన్నా, దానితోనే ఇల్లు గడవదు. అందుకే పుట్టింటి ఆసరా, మనోవర్తి ఆమెకు ప్రాణాధారాలయ్యాయి. 1973 క్రిమినల్ ప్రొసీజర్ కోడ్ 125వ సెక్షన్ కింద నెలకు 500 రూపాయలకు మించి ఇప్పించే వీలు లేకపోయేది. ఆ పరిమితి 2001లో తొలగింది. ఇంటిపనికి గల్ఫ్ దేశాలకు వెళ్లిన స్త్రీల కుటుంబాల్లో మరో చిక్కు ఉంది. పంపిన డబ్బు ఎవరి చేతికి వెళ్లింది, పిల్లలను ఎవరు సాకారు అన్నవే తగవులవుతాయి.

అందరికంటే ఎక్కువ నలిగేది పిల్లలు. బడి మారుతుంది, తాతయ్య ఇల్లే సొంతిల్లవుతుంది, తండ్రిని చూడటం వాయిదాల మీద ఆధారపడుతుంది. తల్లిదండ్రులు విడిపోవడంకంటే వాళ్ల మధ్య ఆగని గొడవ, తమ చేత ఒక పక్షం పట్టించడం పిల్లలను ఎక్కువ దెబ్బతీస్తాయి. 1956 హిందూ మైనారిటీ, సంరక్షకత్వ చట్టం అయిదేళ్లలోపు పిల్లలను మామూలుగా తల్లి దగ్గరే ఉంచమంటుంది. ఏ వయసువారి విషయంలోనైనా బిడ్డ క్షేమమే గీటురాయి.

ఈ క్షేమాన్ని ముందుకు తేవడానికే కౌన్సెలింగ్ వచ్చింది. 1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయి దేశ్‌ముఖ్‌కు ఎనిమిదేళ్లకే పెళ్లయింది. ఊహ తెలిశాక ఆ కాపురం వద్దనుకుని చదువు, స్వాతంత్ర్యోద్యమం వైపు నడిచారు. 1953లో చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసివచ్చి, మన దేశంలోనూ అవి కావాలని గట్టిగా వాదించారు. ఆమె తొలి అధ్యక్షురాలిగా నడిపిన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి 1983లో కుటుంబ కౌన్సెలింగ్ కేంద్రాల పథకం మొదలుపెట్టింది. మరుసటి ఏడాది వచ్చిన కుటుంబ న్యాయస్థానాల చట్టం కౌన్సెలర్లకు చోటిచ్చింది, రాజీకి ప్రయత్నించడాన్ని జడ్జి బాధ్యతగా చేసింది. 2013లో ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు దాంపత్య వివాదాల్లో మధ్యవర్తిత్వానికి పెద్దపీట వేయమంది.

మంచి కౌన్సెలర్ ముందు ఇద్దరితో విడివిడిగా మాట్లాడతారు. కొట్టడం, బెదిరించడం ఉన్నాయా అన్నది అక్కడే తేలుతుంది. ఆ తర్వాతే ఇద్దరినీ ఎదురెదురుగా కూర్చోబెడతారు. కలిసి ఉంటామంటే ఏయే అలవాట్లు మారాలో, విడిపోతామంటే పిల్లల ఫీజులు, సెలవులు, మనోవర్తి ఎలాగో రాసుకునేలా చూస్తారు. పెద్దల తగవుకూ దీనికీ ఉన్న అసలు తేడా ఇదే. ఇక్కడ భార్య తన మాట తానే చెప్పుకుంటుంది, పిల్లల సంగతి విడిగా చర్చకు వస్తుంది.

రాజీ పేరిట హింసలోకి తిరిగి పంపడం కౌన్సెలింగ్ కాదు. 1983లో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తి పి.ఎ. చౌదరి, ఇష్టం లేని కాపురానికి కోర్టు ఆజ్ఞతో పంపడం రాజ్యాంగ విరుద్ధమని తీర్పిచ్చారు. మరుసటి ఏడాదే సుప్రీంకోర్టు ఆ అభిప్రాయాన్ని తోసిపుచ్చినా, వ్యక్తి గౌరవం గురించి ఆయన లేవనెత్తిన ప్రశ్న చెరిగిపోలేదు. 2005 గృహహింస చట్టం రక్షణ ఉత్తర్వులనూ, కౌన్సెలింగ్‌నూ పక్కపక్కన పెట్టింది. బాధితురాలి భద్రత ఖాయమయ్యాక జరిగే సంభాషణే కుటుంబానికి మేలు చేస్తుంది, ఆ కుటుంబం ఒకే ఇంట్లో ఉన్నా, రెండిళ్లలో ఉన్నా.