నల్లా మీది ముద్ర



నీటి చరిత్ర చెప్పవలసి వచ్చినపుడు మనము చెరువులను గూర్చియు, ఆనకట్టలను గూర్చియు, వానిని కట్టించిన ప్రభువులను గూర్చియు చెప్పుకొనుచుందుము. హుస్సేను సాగరము, మీరాలము చెరువు, ఉస్మాను సాగరము గ్రంథముల కెక్కినవి. కాని ఆ నీరు మన బిందెలో పడుటకు ముందు కట్టకడపట దాటవలసిన చిన్న యిత్తడి ద్వార మొకటి కలదు. దానిని కోస్తావారు కుళాయి యందురు. హైదరాబాదువారు నల్లా యందురు. నేటి ప్రసంగము ఆ నల్లాను గూర్చియు, దానిమీద నుండు ముద్రను గూర్చియు.

1908వ సంవత్సరము సెప్టెంబరు 28వ తేదీన మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచెత్తెను. వేలకొలది జనులు మడిసిరి. ఆ మరుసటి యేడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు రప్పింపబడిరి. వరదను ఎగువననే నిలిపివేయుట వారి యుపాయము. దాని ఫలముగా 1920లో మూసీమీద ఉస్మాను సాగరమును, 1927లో ఈసీమీద హిమాయతు సాగరమును ఏర్పడినవి. వరదను ఆపుటకై కట్టిన కట్టయే త్రాగునీటిని కూడ ప్రసాదించెను. గండిపేట నీరు పల్లమునకు ప్రవహించి ఆసిఫ్‌నగరము చేరి, అచటి ఇసుక పడకలలో వడగట్టబడి, గొట్టముల గుండ నగరమున ప్రవేశించెను.

ఈ మార్పులో ఒక విశేషమున్నది. బావిలో దోషమున్నచో ఆ బావిని వాడుకొనువారికే కీడు. గొట్టములో దోషమున్నచో వీథి కంతకును కీడు. బావిని కంటితో చూడవచ్చును, గొట్టమును చూడజాలము. కనుక మనము చూడలేనిదానిని మనకు బదులు మరియొకరు చూచి, తాము చూచితిమని గుర్తు వేయవలసి వచ్చినది. ముద్రకు మూలమిదియే.

ఆ కాలముననే నగరమునకు క్రొత్త ముఖ మేర్పడుచుండెను. 1907లో నాంపల్లి రైలు స్టేషను వెలసెను. ఆరవ నిజాము మహబూబ్ అలీఖానుని కొలువులోనుండిన ఆల్బర్టు ఆబిదు అను ఆర్మీనియా దేశస్థుడు తెరచిన దుకాణమునుబట్టి ఆ ప్రాంతమునకు ఆబిడ్స్ అను పేరు నిలిచినది. నేడు ఆబిడ్స్ ప్రక్కనున్న ట్రూప్ బజారులో ‘అర అంగుళము నల్లా’ యని యడిగినచో దుకాణదారుడు మారుమాట లేక తీసియిచ్చును. ప్రమాణ గ్రంథము దానినే 15 మిల్లీమీటర్లని చెప్పును. అంగుళములు చట్టమునుండి పోయినను నాలుకమీదనుండి పోలేదు.

ఆ మాటకు వెనుక మరియొక చరిత్ర గలదు. 1841లో ఇంగ్లండున జోసెఫ్ విట్‌వర్తు అను యంత్రకారుడు మరచుట్ల కోణము 55 డిగ్రీలుగా నుండవలెనని ప్రతిపాదించెను. అంతకుముందు ఒక కర్మాగారపు మర మరియొక కర్మాగారపు గొట్టమునకు పట్టుట యదృష్టమే. 1901లో లండనులో ఇంజనీర్లు ప్రమాణ నిర్ణయసంఘ మొకటి స్థాపించిరి. మన దేశమున 1947 జనవరి 6వ తేదీన, స్వాతంత్ర్యమునకు ఏడు నెలల ముందు, భారతీయ ప్రమాణ సంస్థ యేర్పడెను. 1952 నాటి చట్టముచే వస్తువులపై ఐ.ఎస్.ఐ. ముద్ర వేయించు నధికారము దానికి వచ్చెను. 1987 ఏప్రిల్ 1వ తేదీనుండి ఆ సంస్థ భారతీయ ప్రమాణముల బ్యూరో యైనది. ఒకప్పుడు ఆ బ్యూరో హైదరాబాదు శాఖ నాంపల్లి స్టేషను రోడ్డుమీదనే, ఎల్. ఎన్. గుప్తా మార్గమున నుండెడిది. ఆనాటి ప్రమాణ పుస్తకముల వెనుక అట్టమీద ఆ చిరునామా నేటికిని కాననగును. నల్లాలమ్ము బజారును, నల్లాలను పరీక్షింపుమను కార్యాలయమును నడకదూరములో నుండెనన్నమాట.

ఇక ముద్ర యేమి చెప్పుచున్నది? ఇత్తడి, కంచు నల్లాలకు 781వ సంఖ్యగల ప్రమాణమును, ఇత్తడి, కంచు వాల్వులకు 778వ సంఖ్యగల ప్రమాణమును గలవు. నల్లాను రెండు మెగాపాస్కలుల నీటి ఒత్తిడికి రెండు నిమిషములు లోబరచినను అది కారరాదు, చెమర్చరాదు. ఇంచుమించు నాలుగు చార్మినారులను ఒకదానిమీద నొకటి నిలిపినంత యెత్తు నీరు నెత్తినబడిన ఒత్తిడి యిది. లోహపు పాళ్ళును, మరచుట్ల కొలతయు, తుదకు కనీసపు తూకమును గూడ నిర్ణయింపబడినవి. తూకమేల యందురా? లోహమును పలుచన చేసి పైన తళుకు పూసిన నల్లా కంటిని మోసగించును గాని త్రాసును మోసగింపజాలదు.

ముద్ర కోరిన తయారీదారుని కర్మాగారమును బ్యూరోవారు పరిశీలింతురు, నమూనాలను పరీక్షింతురు, అనుమతి యిచ్చిన తరువాతను కర్మాగారమునుండియు బజారునుండియు నమూనాలు తీయుదురు. ముద్రపైన ప్రమాణ సంఖ్యయు, క్రింద అనుమతి సంఖ్యయు నుండవలెను. ఆ సంఖ్యను నేడు చేతిలోని ఫోనుతోనే సరిచూచుకొనవచ్చును. సంఖ్యలేని ముద్ర సాక్షులులేని పత్రము వంటిది.

ఇంత శ్రమ చిన్న నల్లాకేల యని శంకింపవచ్చును. 1933లో అమెరికాలోని షికాగో నగరమున ప్రపంచ ప్రదర్శనము జరిగినపుడు రెండు హోటళ్ళలో మురుగునీరు త్రాగునీటి గొట్టములలోనికి చేరి, అమీబా జిగట విరేచనములు ప్రబలి, 98 మంది మరణించిరి. గొట్టములో ఒత్తిడి తగ్గినపుడు నీరు వెలుపలికి పోవుటకు మారుగా వెలుపలి మలినమే లోపలికి పీల్చుకొనబడును. దీనిని వారించుటకు వెనుకకు మరలనీయని వాల్వు తోడ్పడును. నీరు గడియలు లెక్కించి వదలు నగరములలో ఈ యపాయము నిత్యము పొంచియుండును. 2009 మే నెలలో మన భోలక్‌పూరులో కలుషితజలము త్రాగి పలువురు ప్రాణములు కోల్పోయిరి. ఆ విపత్తునకు ఇంటి నల్లా కారణమని నే ననుటలేదు. గొట్టములోని దోషమునకు వెల యేమో అది చూపినదని మాత్రమే మనవి.

ముద్రకును హద్దు గలదు. ప్రమాణము అడిగినదానికే ముద్ర పూచీపడును. 781వ ప్రమాణము 1984లో అంగీకరించిన మిశ్రలోహములలో నూటికి అయిదు పాళ్ళ ప్రాంతమున సీసముగల కంచును గలదు. సీసము చేరిన లోహము సుఖముగ చెక్కబడును. కాని సీసము నీట కరగినచో శిశువుల మెదడునకు హాని. అమెరికాలో 2014 జనవరినుండి నీరు తాకు భాగములలో సగటు సీసము నూటికి పావు వంతు మించరాదను చట్టము అమలులోనికి వచ్చినది. కావున ‘ముద్ర యున్నదా?’ యని యడుగుట మొదటి ప్రశ్న. ‘ఆ ముద్ర దేనికి సాక్ష్యము?’ అనునది రెండవ ప్రశ్న. ఒత్తిడికి నిలుచుట వేరు, ఆరోగ్యమునకు హాని చేయకుండుట వేరు. రాత్రియంతయు గొట్టములో నిలిచిన నీటిని ఉదయమున త్రాగుటకు పట్టక, మొక్కలకు పోయుట సులభమైన జాగ్రత్త.

తూకము తక్కువైన నల్లాను కొన్నందున మిగులు రూపాయలు అల్పము. గండిపేట కట్టను ఇంజనీరు కాపాడును. వడపోత పడకలను ప్రభుత్వము కాపాడును. ఆ చివరి యిత్తడి ద్వారము మాత్రము కొనువాని వివేకమునకే విడువబడియున్నది. దానిని త్రిప్పి మూతితో చూచుటకంటె ముందు, బోర్లించి ముద్రను చదువుట నేర్చుకొందము.