ఈ-వార్తాలేఖ (సేవాసంస్థలు)

ఒక సేవాసంస్థ తన దాతలకు, కార్యకర్తలకు, శ్రేయోభిలాషులకు నిర్ణీత కాలవ్యవధిలో ఈమెయిలు ద్వారా పంపే సమాచార పత్రాన్ని ఈ-వార్తాలేఖ అంటారు. విరాళం అర్థించే ఉత్తరం వేరు, వార్తాలేఖ వేరు. ఇచ్చిన సొమ్ము ఏమైనదో చెప్పడం దీని మొదటి పని. మళ్ళీ అడగడం ఆ తరువాతి పని.

పూర్వరంగం

ప్రజాసంస్థకు, దానిని పోషించే ప్రజలకు నడుమ పత్రిక ఉండడం దిగువ కృష్ణా డెల్టాకు కొత్త కాదు. మచిలీపట్నంలో 1902లో కృష్ణా పత్రిక వెలువడింది. 1907 నుండి దాని సంపాదకులైన ముట్నూరి కృష్ణారావు, కోపల్లె హనుమంతరావు, భోగరాజు పట్టాభి సీతారామయ్యలతో కలిసి ఆంధ్ర జాతీయ కళాశాలకు నిర్మాతగా నిలిచారు. ప్రజల విరాళాలపై ఆధారపడిన ఆ కళాశాల 1910లో ప్రారంభమైంది.

అవసరం

1977 నవంబరు 19 నాటి ఉప్పెనలో దివిసీమలో వేలాది మంది మరణించారు. నలుమూలల నుండి సహాయం అందింది. అయితే విపత్తు వార్త కొన్ని వారాలలో పాతబడుతుంది. కరకట్టలు, తుపాను ఆశ్రయ భవనాల అవసరం ఏళ్ళ తరబడి ఉంటుంది. విపత్తు వచ్చినప్పుడు మాత్రమే పలకరించే సంస్థను దాత త్వరగా మరచిపోతాడు.

విషయం

ఉదాహరణకు, భూగర్భజలం ఉప్పగా ఉండే నాగాయలంక వంటి తీరమండలంలో ఒక బడికి మంచినీటి యంత్రం అమర్చిన సంస్థ "నీరు అందించాము" అని వ్రాసి ఊరుకోరాదు. ఎంత ఖర్చయినది, ఆరు నెలల తరువాత యంత్రం పనిచేస్తున్నదా, చెడిపోతే ఎందుకు చెడినది అన్నవి వ్రాయాలి. వైఫల్యాన్ని దాచని లేఖకే విశ్వసనీయత ఎక్కువ. సహాయం పొందినవారి ఫొటోలు వారి అనుమతితోనే, పిల్లలవైతే తల్లిదండ్రుల అనుమతితోనే ప్రచురించాలి.

పంపే విధానం

అంగీకరించిన వారికే లేఖ పంపాలి. వద్దన్నవారి చిరునామాను వెంటనే తొలగించాలి. అందరి చిరునామాలు అందరికీ కనబడేలా పంపడం చిన్న సంస్థలలో తరచు జరిగే పొరపాటు. రోజుకు 5,000కు పైగా లేఖలు పంపేవారు ఒక్క నొక్కుతో చందా విరమించే సౌకర్యం కల్పించాలని జీమెయిల్ 2024లో నిబంధన విధించింది. లేఖను ఎందరు తెరిచారన్న లెక్కను పూర్తిగా నమ్మరాదు. 2021లో ఆపిల్ సంస్థ తన మెయిల్‌లో ప్రవేశపెట్టిన గోప్యతా ఏర్పాటు వలన, చదవని లేఖ కూడా తెరిచినట్లే నమోదు కావచ్చును. చదువరుల నుండి వచ్చే జవాబులే మేలైన కొలత.

ప్రవాస దాతలు

గుడివాడ, మచిలీపట్నం ప్రాంతాల వారు అనేకులు విదేశాలలో స్థిరపడినందున ఇక్కడి సంస్థలు ఒక విషయంలో జాగ్రత్త వహించాలి. భారత పౌరసత్వం నిలుపుకొన్నవారు స్వార్జితం నుండి బ్యాంకు ద్వారా పంపేది విదేశీ విరాళం కాదు. అమెరికా పౌరసత్వం స్వీకరించిన వారు పంపేది, వారి పుట్టినూరు ఏదైనా, విదేశీ విరాళమే. దానిని స్వీకరించడానికి 2010 నాటి విదేశీ విరాళాల నియంత్రణ చట్టం క్రింద నమోదు గాని, ముందస్తు అనుమతి గాని ఉండాలి. 2020 సవరణ ప్రకారం ఆ సొమ్ము మొదట న్యూఢిల్లీలోని భారతీయ స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖ ఖాతాకే చేరాలి. కనుక అందరికీ ఒకే ఖాతా సంఖ్యతో లేఖ పంపక, విదేశీ పౌరుల జాబితాను వేరుగా ఉంచుకోవడం అవసరం.