కంప్యూటరు మేలుకొలుపు

పిచ్చి కుదిరితేగాని పెళ్ళి కుదరదు, పెళ్ళి కుదిరితేగాని పిచ్చి కుదరదు అంటుంటారు మన పెద్దవాళ్ళు. కంప్యూటరు పుట్టిన నాటినుంచీ దానికున్న తంటా సరిగ్గా ఇదే. ప్రోగ్రాము ఉంటేగాని అది ఏ పనీ చెయ్యదు. ఆ ప్రోగ్రామును లోపలికి తెచ్చుకోవడం కూడా ఒక పనే కదా! మరి మొట్టమొదటి మాట దాని చెవిలో ఎవరు ఊదాలి?

ఇంగ్లీషువాళ్ళు ఈ చిక్కుని, తన బూట్ల పట్టీలు పట్టుకుని తనను తానే పైకి లేపుకోవడంతో పోల్చారు. కంప్యూటరు మేలుకోవడానికి 'బూట్' అన్న పేరు అలా వచ్చిందే.

1949లో కేంబ్రిడ్జిలో ఎడ్సాక్ అనే యంత్రం పని మొదలుపెట్టింది. డేవిడ్ వీలర్ అనే యువకుడు దానికోసం 31 ఆదేశాలు రాశాడు. వాటిని టెలిఫోను ఎక్స్ఛేంజీల్లో వాడే స్విచ్చుల్లో శాశ్వతంగా అమర్చారు. మీట నొక్కితే చాలు, కాగితపు టేపు మీదున్న ప్రోగ్రాముని యంత్రం తనంతట తానే చదువుకునేది.

1975లో ఇళ్ళకి వచ్చిన ఆల్టెయిర్ 8800కి ఆ భాగ్యం లేదు. ముందువైపున్న మీటలు పైకీ కిందికీ వేస్తూ యజమానే దానికి అక్షరాభ్యాసం చేయించాలి. కరెంటు పోయిందా, మళ్ళీ ఓనమాల దగ్గర్నుంచే!

1981లో వచ్చిన ఐబీఎం పీసీలో ఈ మేలుకొలుపుని 'బయాస్' అనే పేరుతో ఒక చిప్పులో పెట్టారు. 1983లో హార్డ్ డిస్కు వచ్చి చేరాక, డిస్కు మొదట్లో 512 బైట్ల చోటు మేలుకొలుపు కోసం కేటాయించారు. తెలుగులో రెండు మూడు వాక్యాలు రాస్తే నిండిపోయేంత చోటది!

డిస్కులు పెరిగాయి, పాత బయాస్ లెక్క మాత్రం పెరగలేదు. డిస్కులో 1024 వరుసలు దాటితే దానికి కనిపించదు. 1990లలో పాత కంప్యూటర్లలో లినక్స్ వేసుకున్నవాళ్ళు ఈ బాధ బాగా పడ్డారు. అప్పట్లో మేలుకొలిపే ప్రోగ్రాము పేరు 'లైలో'. ఇంగ్లీషులో దాని పేరుకి నాలుగక్షరాలు. ఒక్కో అంచె దాటినప్పుడల్లా ఒక్కో అక్షరం తెరమీద పడేది. రెండో అక్షరం దగ్గర ఆగిందంటే, బయాస్‌కీ డిస్కుకీ లెక్క కుదరలేదని చాలామంది పోల్చుకునేవారు. నాడి పట్టుకుని జబ్బు చెప్పినట్టన్నమాట! మందు కూడా సులువే: మేలుకొలుపు ఫైళ్ళని డిస్కు మొదట్లోనే చిన్న గదిలో పెట్టడం. తాళంచెవి గుమ్మం దగ్గరే ఉంచుకోమా మనం?

ఇప్పుడు బయాస్ స్థానంలో యూఈఎఫ్ఐ వచ్చింది. ఒక పద్ధతిలో సిస్టమ్ వేసి ఇంకో పద్ధతిలో లేపితే, అన్నీ ఉన్నా 'ఏ సిస్టమూ లేదు' అంటుంది కంప్యూటరు. లోపలున్న రూపాయి బిళ్ళంత బ్యాటరీ అయిపోయినా అంతే. తేదీతోపాటు ఏ డిస్కుని ముందు చూడాలో కూడా మరిచిపోవచ్చు.

అమ్మాయి పెళ్ళి ఫొటోలు, మనవడి మొదటి అడుగులు చాలా ఇళ్ళల్లో ఇలాంటి పాత పెట్టెల్లోనే ఉన్నాయి. కొత్త సిస్టమ్ వేసే ముందు వాటికి ఇంకో ప్రతి తీసి దాచుకోవడం మంచిది. వేశాక తెర నల్లగా నిలబడిపోతే పాతసామాన్లవాణ్ణి పిలవకండి. బ్యాటరీ మార్చి, ఏ డిస్కునుంచి, ఏ పద్ధతిలో లేవాలో ఆ సెట్టింగు ఒకసారి చూడమనండి. డిస్కుని తుడిచెయ్యనంతవరకూ ఫొటోలు చాలాసార్లు లోపల భద్రంగానే ఉంటాయి. ఎడ్సాక్ నాడు అడిగిన ఆ మొదటి మాట కోసమే అదీ ఎదురుచూస్తూ ఉంటుంది, పాపం!