ఆంగ్లాక్షరాల్లో తెలుగు ఉత్తరాలు

1990ల మొదట్లో అమెరికాలోని తెలుగువారు యూజ్‌నెట్ అనే ఇంటర్నెట్ చర్చావేదికలో చర్చించుకునేవారు. నాటి ఈమెయిలు నమ్మకంగా మోసింది ఆంగ్లాక్షరాలనే. అందుకే హ్యూస్టన్‌లోని రైస్ విశ్వవిద్యాలయంలో ఆర్‌టీఎస్ పద్ధతి రూపొందింది: చిన్న ‘టి’ తకారం, పెద్ద ‘టి’ టకారం, చిన్న ‘ఎల్’ లకారం, పెద్దది ళకారం. కొత్త గుర్తులేమీ అక్కరలేని ఈ ఏర్పాటు ఎంతో తెలివైనది. దీనివల్ల పోతన పద్యమైనా అక్షరం చెడకుండా ఖండాలు దాటగలిగేది.

తర్వాత ‘రచ్చబండ’ వంటి చర్చలు యాహూ గ్రూప్స్‌లో సాగాయి. అక్కడ ఉత్తరాలతోపాటు ఫైళ్లకూ ఫొటోలకూ వేర్వేరు అరలుండేవి. యూనికోడ్‌లో తెలుగుకు 1991లోనే చోటు దక్కినా, విండోస్‌లో అది కనిపించింది 2001లో, ఎక్స్‌పీతోనే. 2006 నాటి ‘లేఖిని’ అనే టైపింగు పనిముట్టు ఆర్‌టీఎస్ అలవాటును నిలుపుతూనే తెరపై తెలుగు లిపిని చూపింది. 2019 డిసెంబరులో యాహూ గ్రూప్స్‌లోని ఆ అరలను తొలగించడం మొదలుపెట్టింది. సభ్యులు ముందుగా దింపుకున్న ప్రతులు మిగిలాయి. మరుసటి డిసెంబరులో గ్రూప్స్ పూర్తిగా మూతపడ్డాయి.